పునాది పడని ఫ్లాటుకు 12 లక్షలు కట్టాము, మిగిలిన 42 లక్షలు కట్టమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వారు మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పిల్లల చదువుల కోసం భీమవరంలో ఒక ఫ్లాటు చూసుకున్నాము. స్టిల్టు (కింద పార్కింగుకు వదిలే స్తంభాల అంతస్తు) మీద అయిదంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు వస్తాయన్నారు. బిల్డరు మా మరిదికి బాగా తెలిసినవారు. ఫ్లాటు 1,350 చదరపు అడుగులు. అడుగు 4,800 రూపాయలని, ప్రీ లాంచ్‌లో మొత్తం ముందే కట్టేవారికి 4,000కే ఇస్తామని, రెండేళ్లలో తాళాలు చేతికిస్తామని చెప్పారు. ఇప్పటికి 7 లక్షలు బ్యాంకు ద్వారా, 5 లక్షలు నగదుగా ఇచ్చాము. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి ఇచ్చారు. నగదుకు మాత్రం తన విజిటింగ్ కార్డు వెనక ‘5’ అని వేసి సంతకం చేశారు. స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. అది ఒకప్పుడు చేపల చెరువు, నిరుడు వేసవిలో మెరక చేయించారట. ప్లాను, రెరా నంబరు చూపిస్తే గాని లోను ఇవ్వలేమని బ్యాంకువారు అన్నారు. దసరా లోపు మిగిలిన 42 లక్షలు కట్టకపోతే పాత రేటు వర్తించదని బిల్డరు అంటున్నారు. మా పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం కొబ్బరితోట అమ్మి కొంత, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంత కట్టాలనుకుంటున్నాము. ఏం చేయమంటారు? ఈ సంగతి మా మరిదితో ఎలా మాట్లాడాలి?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందుగా తోట అమ్మకం ఆపండి. ఇంకా ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోకపోయి ఉంటే ఆ మాట ఈ రోజే ఇంట్లో చెప్పేయండి. దసరా గడువు బిల్డరు తన అవసరం కోసం పెట్టుకున్నది, చట్టం పెట్టినది కాదు. రెరా నంబరు (స్థిరాస్తి చట్టం కింద ప్రాజెక్టు నమోదైన సంఖ్య), సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరైన అగ్రిమెంటు ఈ రెండూ మీ చేతికి రానిదే ఇంక ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. న్యాయవాదిగా ఈ జిల్లాలో ఇటువంటి కాగితాలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెరా అని అందరూ పిలిచే స్థిరాస్తి చట్టం 2016లో వచ్చింది. అందులోని ముఖ్యమైన సెక్షన్లు 2017 మే 1 నుంచి అమలులో ఉన్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు, దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా నమోదు అక్కరలేదని ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. 20 ఫ్లాట్లు కట్టే స్థలం పన్నెండు సెంట్లలో ఇమడదు కనుక మీ బిల్డరుకు ఆ మినహాయింపు వర్తించదు. ప్రాజెక్టును రాష్ట్ర రెరా అథారిటీ దగ్గర నమోదు చేయించకుండా ఆయన ప్రకటన ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు, అడ్వాన్సు అడగకూడదు. కాబట్టి ప్రీ లాంచ్ అనే పేరు ఎంత అందంగా ఉన్నా అది నమోదుకు ముందు అమ్మకమే, చట్టం కాదన్న పనే. రెండవ తప్పు ఇంకా స్పష్టమైనది. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ఫ్లాటు ధరలో పదో వంతుకు మించి తీసుకోవడానికి వీల్లేదని 13వ సెక్షన్ చెబుతోంది. మీ ఫ్లాటు ధర 54 లక్షలు, పదో వంతు 5 లక్షల 40 వేలు. మీ దగ్గర తీసుకున్నది 12 లక్షలు. మీరు భయపడుతూ రాశారు గాని, భయపడవలసిన స్థానంలో ఉన్నది మీరు కాదు.

అడుగుకు 800 తగ్గింపు అంటే మొత్తం మీద 10 లక్షల 80 వేలు, ఎవరికైనా ఆశ పుట్టే మొత్తమే. కాని ఈ లెక్క రెండో వైపు నుంచి కూడా చూడండి. 42 లక్షలకు రెండు రూపాయల వడ్డీ నెలకు 84 వేలు. పదమూడో నెల పూర్తయ్యేసరికి మీకు మిగిలిందనుకున్న 10 లక్షల 80 వేలూ వడ్డీ కిందనే హరించుకుపోతాయి, ఇల్లు మాత్రం రెండేళ్లకు గాని రాదు. తోట అమ్మిన సొమ్ముకు వడ్డీ ఉండదనుకోవచ్చు గాని, ఏడాది పొడుగునా దింపులు తీసే తోట పోవడం వడ్డీ కాక మరేమిటి? నిజానికి ఇక్కడ మీరు ఫ్లాటు కొనడం లేదు, తాకట్టు లేకుండా, నోటు లేకుండా బిల్డరుకు అప్పు ఇస్తున్నారు. బ్యాంకు ఆయనకు అప్పు ఇవ్వాలంటే స్థలం, ప్లాను, పూచీ అడుగుతుంది. మీరు ఏమీ అడగడం లేదు కనుకనే ఆయనకు మీ సొమ్ము చవకగా పడుతోంది. నమోదైన ప్రాజెక్టులో అయితే కొన్నవారు కట్టిన ప్రతి వంద రూపాయలలో 70 రూపాయలు ఒక ప్రత్యేక ఖాతాలో వేసి, పని సాగిన మేరకే, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన తరువాతే బయటకు తీయాలి. మీ 12 లక్షలు అటువంటి ఖాతాలో లేవు. చెరువు పూడ్చిన మట్టికే పోయాయో, మరో ఊళ్లో వేరే అపార్ట్‌మెంటు శ్లాబుకు పోయాయో ఎవరూ చెప్పలేరు.

మీరు పంపిన అగ్రిమెంటు నకలు నా ముందు ఉంది. రెండు పేజీలు. అందులో ‘మూడవ అంతస్తులో తూర్పు వైపు ఫ్లాటు’ అని ఉంది గాని నంబరు లేదు. ‘1,350 అడుగులు’ అని ఉంది గాని కార్పెట్ ఏరియా అనే మాటే లేదు. గోడల మధ్య మీరు నిజంగా వాడుకునే చోటునే చట్టం కార్పెట్ ఏరియా అంటుంది. లోపలి అడ్డుగోడలు అందులో కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. మెట్లు, లిఫ్టు, నడవాలలో మీ వాటా కూడా కలిపి చెప్పే 1,350 అడుగులలో కార్పెట్ ఏరియా 950 అడుగులే తేలితే, మీరు అడుగుకు ఇస్తున్నది 4,000 కాదు, 5,684. ఇక తాళాలిచ్చే తేదీ దగ్గర ‘సుమారు 24 నెలలు, అనివార్య కారణాలు మినహా’ అని రాశారు. అనివార్య కారణాలంటే యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలని చట్టం లెక్కించి చెప్పింది. ఇసుక దొరకలేదన్నది, కూలీలు నాట్లకు వెళ్లిపోయారన్నది ఆ నిర్వచనంలో లేవు.

వీటన్నిటి కన్న నన్ను కలవరపెట్టింది ఆఖరి పేజీ. అక్కడ బిల్డరు సంతకం ఒక్కటే ఉంది. స్థలం ఇద్దరు అన్నదమ్ములదని, డెవలప్‌మెంటుకు ఇచ్చారని మీ ఉత్తరంలోనే మరో చోట రాశారు. మన వైపు అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఇలాగే లేస్తాయి. భూమి యజమాని స్థలం ఇస్తాడు, బిల్డరు కట్టి ఫ్లాట్లలో కొన్ని యజమానికి ఇచ్చి మిగిలినవి తాను అమ్ముకుంటాడు. అందుకు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కం జీపీఏ (కట్టడానికి ఒప్పందం, యజమాని తరఫున అమ్మే అధికారం కలిపి రాసే పత్రం) రిజిస్టరు కావాలి, ఏ ఫ్లాటు ఎవరి వాటాకో అందులో గాని, తరువాత రాసుకునే అనుబంధ పత్రంలో గాని ఉండాలి. మీ తూర్పు ఫ్లాటు ఆ అన్నదమ్ముల వాటాకు వెళ్లినదైతే, దాన్ని అమ్మే హక్కే బిల్డరుకు లేదు. ఇల్లు కట్టడం పూర్తయ్యాక ఈ సంగతి తెలుసుకున్న కుటుంబాలు నా దగ్గరకు వచ్చాయి. వారికి ఫ్లాటూ లేదు, డబ్బూ లేదు, కోర్టు వాయిదాలు మాత్రం ఉన్నాయి. కనుక అగ్రిమెంటులో అన్నదమ్ములిద్దరి సంతకాలూ ఉండాలి, లేదా రిజిస్టరైన జీపీఏ నంబరు వేసి, ఈ ఫ్లాటు బిల్డరు వాటాలోనిదేనని రాసి ఉండాలి.

తనఖా సంగతి కూడా అడగండి. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా పూచీగా, కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు బిల్డరు తనఖా పెట్టాలని భవన నిర్మాణ నియమాలున్నాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనం ప్లాను ప్రకారం పూర్తయింది, కాపురం ఉండవచ్చు అని ఆ సంస్థ ఇచ్చే పత్రం, వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. మా అక్కగారు ఇదే డెల్టాలోని ఒక పట్టణంలో రెండవ అంతస్తు ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం చేసుకుని పాలు పొంగించుకున్నారు. అయిదేళ్లకు అమ్మబోతే ఈసీలో (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రంలో) ఆ ఫ్లాటు మీద మునిసిపాలిటీ తనఖా కనిపించింది. బిల్డరు డాబా మీద అనుమతి లేని పెంట్‌హౌస్ వేయడంతో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదు. సర్టిఫికెట్ లేక తనఖా విడిపోలేదు. ఆవిడ తప్పు ఏదీ లేకుండానే ఆవిడ ఇల్లు నాలుగేళ్లు అమ్మకానికి పనికిరాకుండా పోయింది. ఆ ఫ్లాటు కాగితాలు నాకు చూపించకుండా కొన్నారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు మాత్రం తనఖా పెట్టే ఫ్లాట్లు ఏవో ప్లాను మంజూరు పత్రం చూసి తెలుసుకున్నాకే నంబరు ఖాయం చేసుకోండి.

ఇక స్థలం గురించి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, నాకు ఇది కాగితాలంత ముఖ్యంగా తోస్తోంది. చేపల చెరువును నిరుడు వేసవిలో పూడ్చారంటే ఆ మట్టి ఇంకా కుదురుకోలేదు. అడుగున చెరువు బురద, దాని కింద మన డెల్టా నల్ల ఒండ్రు, పైన లారీలతో తోలిన బుసక ఉంటాయి. ఒండ్రు మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పూడిక తన బరువుకు తానే ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. పైలింగ్ (నేలలో లోతుగా కాంక్రీటు స్తంభాలు దింపడం) చేస్తున్నాము గనుక భయం లేదని బిల్డరు చెబుతారు. గట్టి పొర తగిలే వరకు పైల్స్ దింపితే భవనం నిలబడుతుంది, నిజమే. కాని కుంగే మట్టి పైల్‌ను కూడా తనతో కిందికి లాగుతుంది, ఆ బరువును కలుపుకునే డిజైను చేయాలి. పైగా పైల్స్ మీద నిలిచేది భవనం మాత్రమే, పార్కింగ్ గచ్చు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు, మురుగు గొట్టాలు మట్టి మీదే ఉంటాయి. ఇలా పూడ్చిన స్థలంలో కట్టిన ఒక అపార్ట్‌మెంటుకు కాగితాల పని మీద వెళ్లాను. స్తంభాలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటి చుట్టూ గచ్చు జానెడు దిగిపోయి, స్తంభం మీద పాత గచ్చు ఆనవాలు గీత గీసినట్టు కనిపిస్తోంది. పై నుంచి దిగే మురుగు గొట్టం భవనంతో పాటు నిలబడితే, నేలలోని గొట్టం మట్టితో పాటు దిగి, రెండూ కలిసే చోట విరిగి స్టిల్టంతా మురుగు చేరింది. అందుచేత మట్టి పరీక్ష నివేదిక, అంటే బోరు వేసి ఎంత లోతున ఏ మట్టి ఉందో, అది ఎంత బరువు మోయగలదో చెప్పే కాగితం, నకలు అడగండి. దాన్ని మీకు తెలిసిన ఇంజినీరుకు చూపించండి. ఆయనకు ఇచ్చే ఫీజు మీ 54 లక్షలలో లెక్కలోకి రాదు.

నీటి సంగతీ అంతే. భీమవరం, నరసాపురం వైపు బోరు నీరు చాలా చోట్ల ఉప్పన అని మీకు నేను చెప్పనక్కరలేదు. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ కట్టేసిన వేసవి వారాల్లో మంచినీటి చెరువుల మీదే బతుకుతాము. సరిగ్గా ఆ రోజుల్లోనే శ్లాబులు ఎక్కువగా పడతాయి. అప్పుడు ఉప్పు బోరు నీటితో కాంక్రీటు కలిపితే, దానితోనే తడిపితే, లోపలి ఇనుము తుప్పు పట్టి కొన్నేళ్లకు శ్లాబు కింద పెచ్చులు ఊడతాయి. ఇనుము వేసిన కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. కట్టుబడికి నీరు ఎక్కడి నుంచి తెస్తారు, పరీక్ష చేయించారా, సంపులోకి ఉప్పు ఊట రాకుండా ఏం చేస్తారు, తాగునీటికి మునిసిపల్ కనెక్షన్ ఉందా అని అడగండి. నవంబరు తుఫాను వానల్లో ఒకసారి వెళ్లి రోడ్డు మట్టం, స్థలం మట్టం పోల్చి చూడండి. యనమదుర్రు డ్రెయిను పొంగినప్పుడు ఆ వీధిలో నీరు ఎంతవరకు వచ్చిందో పక్కింటివారిని అడిగితే, బ్రోచరులో లేని నిజం తెలుస్తుంది.

విజిటింగ్ కార్డు మాటకు వస్తాను. స్థిరాస్తి అమ్మకం కింద 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. పుచ్చుకున్నవారి మీద అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. కనుక ఆ 5 లక్షలకు లెటర్‌హెడ్ మీద తేదీతో, ఫ్లాటు పేరుతో రసీదు ఇమ్మని నిదానంగా అడగండి. ఇవ్వకపోతే, మీరు బ్యాంకులో డబ్బు తీసిన పద్దు, ఆ రోజు నడిచిన వాట్సాప్ మాటలు, ఆ కార్డు మూడూ జాగ్రత్త చేయండి. కార్డును లామినేషన్ చేయించవద్దు, కోర్టులో సంతకం పరిశీలనకు పంపవలసి వస్తే అది అడ్డమవుతుంది.

ఇప్పుడు చేయవలసింది ఒక ఉత్తరం రాయడం. రెరా నంబరు, మంజూరైన ప్లాను, స్థలం లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు), డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, మట్టి పరీక్ష నివేదిక 15 రోజుల లోపు ఇమ్మని, లేనిపక్షంలో 12 లక్షలు వడ్డీతో తిరిగి ఇమ్మని రాయించి, అందినట్టు రుజువు వచ్చేలా తపాలాలో పంపండి. ఒక నకలు భూమి యజమానులకూ పంపండి, చట్టం దృష్టిలో వారూ ప్రమోటర్లే, అంటే బిల్డరుతో పాటు బాధ్యత ఉన్నవారే. ఈలోగా రాష్ట్ర రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు ఉందేమో చూడండి. ఆ సర్వే నంబరు మీద ఈసీ తీయించండి, అది రిజిస్ట్రేషను చేయకూడని నిషేధిత భూముల జాబితాలో ఉందేమో కూడా అడగండి. సమాధానం రాకపోతే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు, నమోదు కాని ప్రాజెక్టు మీదైనా చేయవచ్చు. నమోదు చేయకుండా అమ్మినందుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా ఉంది కనుక, ఆ జరిమానా మాట ఉన్న ఉత్తరాన్ని ఏ బిల్డరూ తేలికగా పక్కన పెట్టడు. మీరు కట్టింది 50 లక్షల లోపే కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. అక్కడ రెండేళ్ల గడువు ఉందని మరవవద్దు. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

బిల్డరు నిజాయితీపరుడై, నంబరు తెచ్చుకుని, 12 లక్షలు ముట్టినట్టు ఒప్పుకుని, అగ్రిమెంటు రిజిస్టరు చేస్తానంటే అప్పుడు కొనడం తప్పు కాదు. రేటు 4,800 అయినా సరే, మిగిలింది పునాదికి ఇంత, ఒక్కో శ్లాబుకు ఇంత అని పని జరిగిన కొద్దీ బ్యాంకు లోను ద్వారా కట్టండి, ఆఖరి వాయిదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వండి. కడుతున్న ఇంటికి ధర 45 లక్షలు దాటింది కనుక 5 శాతం జీఎస్టీ ఉంటుంది. 50 లక్షలు దాటింది కనుక ప్రతి వాయిదాలోనూ 1 శాతం పన్ను మీరే మినహాయించి జమ చేయాలి. రిజిస్ట్రేషనుకు మరో 7.5 శాతం దాకా అవుతుంది. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే ప్రతి నెలా వడ్డీ, కట్టుబడిలో లోపం అయిదేళ్ల లోపు బయటపడితే ఉచితంగా బాగు చేయించే బాధ్యత బిల్డరువే. మీ వారి తరఫున మీరు సంతకం చేయాలంటే, మస్కట్‌లోని మన రాయబార కార్యాలయంలో అటెస్టు చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు చేయించాలి.

మీ మరిదితో ఎలా మాట్లాడాలని చివర అడిగారు. అనుమానంతో అడుగుతున్నట్టు కాకుండా, లాయరు ఈ కాగితాలు లేనిదే ఒప్పుకోవడం లేదని నా మీద పెట్టి చెప్పండి. రేపు బిల్డరు ఇబ్బందిలో పడితే అన్నావదినల ముందు తలవంచుకోవలసింది ఆయనే కనుక, ఈ కాగితాలు ఆయనకూ రక్షణే. వీలైతే ఉత్తరం ఇవ్వడానికి ఆయననే వెంట తీసుకువెళ్లండి. బిల్డరు ఆయన ఎదుట ఇచ్చిన సమాధానం, ఏ తేదీన ఏమన్నారో, ఇంటికి రాగానే ఒక నోటు పుస్తకంలో రాసుకుని, 15 రోజులయ్యాక ఈసీ నకలుతో సహా నాకు మళ్లీ రాయండి.